గోలీ ముందా, గింజ ముందా? హెచ్.ఐ.వి. పరిశోధన దాటిపోతున్న భూమి ప్రశ్న

ఉత్త కడుపుమీద గోలీ నిలవదని చెప్పడానికి మాదిగవాడలో ఎవరికీ పిహెచ్.డి. అక్కర్లేదు. కండ్లు తిరుగుతయి, కడుపుల మంట లేస్తది, పొద్దుగాల గోలి ఏస్కుంటే ఇగ కైకిలికి పోవుడు కాదు అని సీదాగా చెప్తారు. ఈ మాట వైద్య పత్రికల్లోకి ఎక్కడానికి మాత్రం ఏళ్లు పట్టింది. మన దేశంలో ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1న ఏ.ఆర్.టి. మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు లెక్కంతా గోలీలదే. గోలీ చేరిందా, మింగాడా, నెల తిరిగాక మళ్లీ వచ్చాడా? మింగినవాడు ఆ పూట ఏం తిన్నాడన్నది కౌన్సిలర్ చెప్పే సలహాల్లో ఒక వాక్యం మాత్రమే. బలమైన తిండి తినమని చెప్పి పంపేవాళ్లు. ఆ బలమైన తిండి ఎక్కడినుంచి వస్తుందో చెప్పే పని ఎవరిదీ కాదు.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. పేదరికాన్ని, తిండి కొరతని తగ్గిస్తే హెచ్.ఐ.వి. వున్నవాళ్ల ఆరోగ్యం బాగుపడుతుందా అని పరీక్షించే ఒక శాఖే పుట్టింది. ఆ శాఖలో పనిచెయ్యడానికి కుర్రపరిశోధకుల్ని తయారుచెయ్యడమూ ఒక ప్రత్యేకమైన పనైంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కె-24 అనే తరహా గ్రాంటు వుంది. అప్పటికే పేరొచ్చిన పరిశోధకులు తమ సమయంలో కొంత భాగాన్ని కొత్తవాళ్లకి నేర్పడానికి కేటాయించుకునేందుకు ఇచ్చే డబ్బు అది. అంతకంటే ముందే, 1988 నుంచి, అక్కడి ఫోగార్టీ కేంద్రం బయటిదేశాల వాళ్లకి ఎయిడ్స్ పరిశోధనలో శిక్షణ ఇచ్చే కార్యక్రమం నడిపింది. మన దేశం నుంచి కూడా చాలామంది ఆ దారిలో వెళ్లారు.

డబ్బు అమెరికాది కాబట్టి తప్పు అనే వాదన నాది కాదు. ఆ వాదన తేలిక. పైగా మన విశ్వవిద్యాలయాలు వాడకి అంతకన్నా దగ్గరగా వున్నాయని చెప్పలేం. నా ప్రశ్న వేరు. ఆకలిని చూడటం నేర్పుతున్న ఈ శిక్షణ, ఆకలి ఎవరి ఇంట్లో ఎందుకు కాపురం పెట్టిందో చూడటం కూడా నేర్పుతోందా? తెలంగాణ పల్లెలో ఆ రెండో ప్రశ్న కులం దగ్గరికీ భూమి దగ్గరికీ పోకుండా తెగదు.

ముందు ఈ శాఖ సాధించింది ఒప్పుకోవాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ ఫ్రాన్సిస్కో కేంద్రంలోని షెరీ వైజర్, ఆమె సహచరులు 2007లో బోట్స్వానా, స్వాజిలాండ్ దేశాల నుంచి ఒక అధ్యయనం ప్రచురించారు. స్వాజిలాండ్ పేరు తర్వాత ఎస్వాతినీ అయింది. రెండు దేశాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పెద్దవాళ్లని అడిగారు. సరిపడా తిండి లేని ఆడవాళ్లు తిండి కోసమో డబ్బు కోసమో శరీరాన్ని ఇవ్వాల్సి రావడం, కండోమ్ గురించి గట్టిగా అడగలేకపోవడం మిగతా ఆడవాళ్లలో కంటే స్పష్టంగా ఎక్కువని తేలింది. అప్పటిదాకా "ప్రవర్తన" మార్చుకోమని పోస్టర్లు వేసిన ప్రభుత్వాలకి ఇది జవాబు. ప్రవర్తన వెనక పొయ్యి వుంది. 2011లో అదే బృందం ఇంకో అడుగు వేసి, ఆకలికీ హెచ్.ఐ.వి.కీ మధ్య సంబంధం రెండువైపులా నడుస్తుందని వివరించింది. ఆకలి శరీరాన్ని, మనసుని, మందు వేసుకునే అలవాటుని దెబ్బతీస్తుంది. జబ్బు తిరిగి సంపాదననీ వంటింటినీ దెబ్బతీస్తుంది. ఆఫ్రికా దేశాల్లో రోగులు చెప్పిన ఇంకో సంగతి కూడా రికార్డయింది. మందులు పనిచెయ్యడం మొదలుపెడితే ఆకలి తిరిగొస్తుంది; తినడానికి లేనప్పుడు ఆ ఆకలికి జడిసి మందే మానేసినవాళ్లున్నారు. బాగుపడటమే భయమైన స్థితి ఇది.

ఇక మన దగ్గరికి వద్దాం. మన దగ్గర ఈ విషయం మీద బలమైన సాక్ష్యం చాలాకాలంగా వుంది. దాన్ని మనం సరిగ్గా చదవలేదు.

2004-05లో లలిత్ దందోనా బృందం గుంటూరు జిల్లాలో ఒక సర్వే చేసింది. 66 పల్లె, పట్నం ప్రాంతాల నుంచి 15-49 ఏళ్ల వయసువాళ్లు 12,617 మంది రక్తనమూనాలు తీసుకుని పరీక్షించారు. ఫలితం 2006 డిసెంబర్‌లో వచ్చింది. ప్రభుత్వ పద్ధతి ప్రకారం లెక్కవేస్తే ఆ జిల్లాలో ఆ వయసువాళ్లలో 4.38 శాతం మందికి హెచ్.ఐ.వి. వుండాలి. ఇల్లిల్లూ తిరిగి పరీక్షిస్తే తేలింది 1.79 శాతం. సగానికన్నా తక్కువ. ఆ తర్వాత 2007 జూలైలో, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఫలితాలు కూడా కలుపుకుని, దేశం మొత్తం అంచనా 57 లక్షల నుంచి సుమారు 25 లక్షలకి దిగింది. వార్తగా నిలిచింది ఆ తగ్గింపే. ఊపిరి పీల్చుకున్నారు.

అదే అధ్యయనంలో ఇంకో వార్త వుంది. జీవన ప్రమాణ సూచికలో కిందిసగంలో వున్నవాళ్లలో హెచ్.ఐ.వి. 2.58 శాతం, పైసగంలో 1.20 శాతం. రెట్టింపుకి మించి. ప్రభుత్వ లెక్క ఎందుకు తప్పిందో చూసినా అక్కడికే చేరతాం. ప్రభుత్వ పద్ధతి పెద్దాసుపత్రులకి వచ్చే గర్భిణుల రక్తం మీద ఆధారపడింది. జిల్లాలో ఈమధ్య గర్భం దాల్చిన ఆడవాళ్లలో ఆ ఆసుపత్రులకి వెళ్లింది 21.1 శాతమే. వాళ్లలో 78 శాతం మంది కిందిసగం వాళ్లు. వాళ్లలో హెచ్.ఐ.వి. 3.61 శాతం; మిగతా గర్భిణుల్లో 1.08 శాతం. ప్రైవేటు డాక్టర్లు అనుమానం వచ్చిన కేసుల్ని సర్కారు దవాఖానకి తోలెయ్యడం కూడా ఈ తేడాకి ఒక కారణమని ఆ పరిశోధకులే రాశారు. అంటే పేద ఆడదాని రక్తాన్ని జిల్లా మొత్తానికి నమూనాగా పెట్టి భయపడ్డారు. ఆ రక్తం జిల్లాది కాదు, బీదలది అని తేలగానే భయం తగ్గింది. ఎవరి భయం తగ్గింది? కిందిసగం వాళ్ల 2.58 అక్కడే వుంది.

ఒక హద్దు చెప్పుకోవాలి. జబ్బు వచ్చి బీదైపోయారా, బీదతనం వల్ల జబ్బు వచ్చిందా అనేది ఒక్కసారి కొలిస్తే తేలదు. ఆఫ్రికాలో కొన్నిచోట్ల కలిగినవాళ్లలోనే ఎక్కువ కనబడింది కూడా. కాబట్టి "పేదరికం, హెచ్.ఐ.వి. ఒకటే" అని నినాదం రాసుకోవడం వల్ల లాభం లేదు. గుంటూరు లెక్క చెప్పేది గుంటూరు గురించి. అది చాలు. కిందిసగం అంటే ఎవరు, ఏ పేటలో వుంటారు, ఎవరి పొలంలో పనిచేస్తారు అనే తర్వాతి ప్రశ్నకి వెళ్లమని ఆ లెక్క పరిశోధకుల్ని పిలిచింది. వెళ్లినవాళ్లు తక్కువ.

తిండి, పేదరికం మీద పనిచేసే శాఖలో ఇవాళ అందరూ చూపించే ప్రయోగం కెన్యాది. పేరు షాంబా మైషా. స్వాహిలీలో షాంబా అంటే పొలం, మైషా అంటే బతుకు. క్రెయిగ్ కోహెన్, షెరీ వైజర్, కెన్యా వైద్య పరిశోధనా సంస్థకి చెందిన ఎలిజబెత్ బుకుసి కలిసి పశ్చిమ కెన్యాలో నడిపారు. హెచ్.ఐ.వి. వుండి మందులు వాడుతున్న చిన్నరైతులకి అప్పు ఇచ్చారు. కాళ్లతో, నడుముతో తొక్కే నీళ్ల పంపు, విత్తనాలు, ఎరువు, వ్యవసాయంలోనూ డబ్బు లెక్కల్లోనూ శిక్షణ ఇచ్చారు. 16 ఆరోగ్య కేంద్రాలు, సుమారు 720 మంది, రెండేళ్లు. ఫలితం 2022లో వచ్చింది. ఆకలి తగ్గింది. కానీ ప్రధాన ఫలితంగా పెట్టుకున్నది రక్తంలో వైరస్ అణిగిందా లేదా అన్నది. అది రెండు గుంపుల్లోనూ బాగా మెరుగుపడింది. మందులే బాగా పనిచేశాయి. కాబట్టి రెంటి మధ్య తేడా కనబడలేదు.

ఇక్కడ ఆగాలి. రెండేళ్లపాటు జనం ముందుకంటే బాగా తిన్నారు. ప్రయోగం భాషలో మాత్రం అసలు ఫలితం "తేడా లేదు". బువ్వ దొరకడం అనేది వైరస్‌ని అణచడానికి పనికొస్తేనే విలువైనదా? అన్నం గోలీకి తోడుపెళ్లికొడుకా? ఈ శాఖ చెప్పే లోపలి తర్కం ఇదే అవుతోంది. ఆకలిని మధ్యలో వుండే మెట్టుగా చూస్తారు. మెట్టు ఎక్కితే పైన వైరస్ లెక్క కనబడాలి. కనబడకపోతే తర్వాతి గ్రాంటు కష్టం. ఆ పరిశోధకులు మంచివాళ్లే కావచ్చు, ఆకలి తగ్గిందన్న సంగతిని వాళ్లు దాచలేదు, స్పష్టంగానే రాశారు. వాళ్ల దగ్గర నేర్చుకునే విద్యార్థికి మాత్రం ఈ వరసే అలవాటవుతుంది: ముందు వైరస్, తర్వాత మనిషి తిండి.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఆ ప్రయోగంలో చేరాలంటే కొన్ని అర్హతలు వుండాలి. మందుల మీద వుండాలి, తిండి కొరత వుండాలి, సాగుచేసుకునే భూమి అందుబాటులో వుండాలి, పైనీరు, అంటే చెరువో వాగో సరస్సో దగ్గర వుండాలి, ముందుగా కొంత సొమ్ము కట్టాలి. పంపు ఇస్తున్నారు కాబట్టి నీళ్లూ నేలా అడగడం న్యాయమే. నీళ్లు లేని చోట పంపు ఏం చేసుకోను? కానీ ఈ అర్హతతో ఒక గీత పడింది. ఆకలిగా వున్నవాళ్లలో భూమి వున్నవాళ్లు గీతకి ఇవతల, లేనివాళ్లు అవతల.

ఈ గీతని ధూళిమిట్ట మీద గీసి చూద్దాం. ధూళిమిట్టలో ఇంతమందికి హెచ్.ఐ.వి. వుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఒక వూరిపేరు పెట్టి అలా చెప్పడమే ఒక హింస. మనిషి పేరు బయటపెట్టడాన్నయితే 2018 సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చిన హెచ్.ఐ.వి. చట్టం కూడా అడ్డుకుంటుంది. నేను చూస్తున్నది అర్హత గురించి మాత్రమే. ధూళిమిట్ట ఒకప్పుడు వరంగల్ జిల్లా మద్దూరు మండలంలో వుండేది. 2016లో జిల్లాలు మార్చినప్పుడు సిద్దిపేటలోకి వచ్చింది, తర్వాత తనే మండల కేంద్రమైంది. చెరువు కింద తరి, మిగతాదంతా చెలక. బోరు పడితే సాగు, పడకపోతే పట్నం బస్సు. చేర్యాల, మద్దూరు దిక్కంతా కరువు ఎరిగిన నేల. పక్కనున్న బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం సైన్యం కలిసి తొంభై మందికి పైగా చంపారు. అంటే భూమి, దొర, వెట్టి అనే మాటలు ఇక్కడ పుస్తకంలోవి కావు. ఈ నేల మీద నెత్తురు కారిన మాటలు.

ఆ పోరాటం తర్వాత డెబ్భై అయిదేళ్లకి పైగా గడిచాయి. ఈ దిక్కు ఏ వూరికైనా పోయి చూడండి. చెరువు తూము కింది మడులు ఎవరి పేర పట్టా అయ్యాయి, దళితవాడకి వచ్చిన లావుణి పట్టా భూమి ఎక్కడుంది? తూముకి దూరంగా, గుట్టబోరుకి, రాళ్లచెలకలో. దేవాదుల నీళ్లు ఈ వైపు చెరువులకి వచ్చినప్పుడు సంతోషించిందీ ఆయకట్టు వున్నవాళ్లే. వాడకి అందులో దక్కింది నాట్లకాలంలో నాలుగు రోజుల కైకిలి ఎక్కువ. షాంబా మైషా ఇక్కడికి వచ్చిందనుకోండి. భూమీ పైనీరూ వున్న, హెచ్.ఐ.వి. వున్న, ఆకలిగా వున్న మనిషిని వెతకాలి. దొరుకుతాడు. చిన్న పట్టాదారు ఎవరో దొరుకుతాడు, అతనికి కూడా సాయం కావాల్సిందే. మాదిగవాడలో గుడిసెలో వున్న ఒంటరి ఆడమనిషి మాత్రం ఫారం మొదటి పేజీ దాటదు. పేపర్లో ఆమె "అర్హత లేనివారు" అనే డబ్బాలో ఒక అంకె అవుతుంది. ఎందుకు అర్హత లేదన్న ప్రశ్న ఆ డబ్బాలోనే మూతపడుతుంది.

మన ప్రభుత్వాలూ ఈ గీతనే గీశాయి కాబట్టి పరిశోధకుల్ని ఒక్కళ్లనే అనడం సరికాదు. 2014 ఆగస్టు 15న భూమిలేని దళిత కుటుంబానికి మూడెకరాలు అని మొదలుపెట్టారు. పంపిణీ వాగ్దానాన్ని అందుకోలేదు. 2021లో దళితబంధు వచ్చాక భూమి మాటే వెనకబడింది. 2018లో మొదలైన రైతుబంధు పట్టా వున్నవాడికి ఎకరం లెక్కన డబ్బు వేసింది. కౌలుదారుకీ కూలికీ అందులో చోటు లేదు. భూమిలేని కూలి కుటుంబానికి ఏడాదికి 12,000 రూపాయలు అంటూ 2025 జనవరి 26న ఇందిరమ్మ ఆత్మీయ భరోసా మొదలైనప్పుడు ఒక షరతు పెట్టారు. 2023-24లో ఆ కుటుంబం ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి వుండాలి. జబ్బుతో తట్ట మొయ్యలేక మట్టిపనికి పోనిదాన్ని ఈ షరతు ఏం చేస్తుంది? ఒళ్లు బాగుంటేనే బీదవాళ్లుగా లెక్క.

తెలుగునేల మీద జరిగిన తిండి ప్రయోగం కూడా ఒకటుంది. ఎడిలిన్ న్యామతి అనే నర్సింగ్ పరిశోధకురాలి బృందం నెల్లూరు, ప్రకాశం ప్రాంతపు పల్లెల్లో హెచ్.ఐ.వి. వున్న ఆడవాళ్లతో పనిచేసింది. మొదట 68 మందితో చిన్న ప్రయోగం. వూళ్లోని ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి మందుల సంగతి చూడటం, ఆసుపత్రికి తోడు వెళ్లడం, నెలనెలా మినప్పప్పు, కందిపప్పు ఇవ్వడం. తర్వాత 600 మందితో పెద్ద ప్రయోగం. వాళ్లని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఆశా తోడు మాత్రమే, ఒకదానికి తోడుతోపాటు తిండి గురించి చదువు, ఒకదానికి తోడుతోపాటు తిండి, ఒకదానికి మూడూ. ఆరునెలలు. తర్వాత పద్దెనిమిదో నెలదాకా కొలుస్తూ వెళ్లారు.

ఈ పనిలో నాకు బాగా నచ్చింది ఆశా కార్యకర్తని మధ్యలో నిలబెట్టడం. పల్లెలో ఆమెకి ఏ ఇంట్లో పొయ్యి వెలిగిందో తెలుసు. నచ్చనిది ఆ నాలుగు గుంపుల వెనకున్న ఊహ. ఆకలిగా వున్న ఆడమనిషికి తిండి గురించి చదువు చెప్పడం ఒకటి, తిండి పెట్టడం ఇంకొకటి. ఏది ఎక్కువ పనిచేస్తుందో చూద్దాం అనడం. శాస్త్రానికి ఇది సహజం కావచ్చు. వాడలో ఇలా అడిగితే నవ్వుతారు, ఆ తర్వాత కోపం వస్తుంది.

ఒక పిట్టకథ. పోషకాహారం మీద మన దగ్గర వేలాడే చార్టుల్లో పాలు, గుడ్డు, పప్పు, ఆకుకూరలు వుంటాయి. తరతరాలుగా మాల మాదిగలకి చవగ్గా దొరికిన మాంసకృత్తు పెద్దకూర. ఎండబెట్టిన తునకలు వానాకాలం ఆకలిని ఆపేవి. చార్టులో దానికి చోటు లేదు. 1977 నాటి పశువధ నిషేధ చట్టం ఒక వైపు, మర్యాద ఒక వైపు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో దళిత విద్యార్థులు పెద్దకూర పండగ చేస్తే దాడులు జరిగాయి. తిండి భద్రత గురించి మాట్లాడే పరిశోధకుడు ఈ గొడవని "సంస్కృతి" అనే గదిలో పెట్టి తలుపేస్తే, తిండి సగమే అతని లెక్కలోకి వచ్చినట్టు.

ఫారాల గురించి కొంచెం. హెచ్.ఐ.వి. ప్రపంచంలో మనుషుల్ని గుంపులుగా విడదీస్తారు: సెక్స్ వర్కర్లు, లారీ డ్రైవర్లు, వలస కూలీలు. వీళ్లు "ప్రమాదం ఎక్కువున్న" వాళ్లు లేదా "వంతెన" జనాభా. ఈ పేర్లలో ఎక్కడా కులం లేదు. నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ పల్లెల్లో ఆడపిల్లని జోగినిగా వదిలిన సంగతి చూడండి. దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. జోగినులైంది ఎక్కువగా మాల, మాదిగ పిల్లలే. ఆ ఆడమనిషి క్లినిక్‌కి వస్తే ఫారంలో సెక్స్ వర్కర్ అనే గడిలో టిక్కు పడుతుంది. దేవుడి పేరుతో వూరు ఆమెని వాడుకున్న చరిత్ర, దొర ఇంటి గడప, ఆమెకి రాని భూమి, అంతా ఆ టిక్కు కింద పడిపోతుంది. ఆమె వృత్తి ఆమె ఎంచుకున్న ప్రమాదంగా మారుతుంది.

కులం గడి వున్న ఫారాలు కూడా వున్నాయి. అక్కడ ఇంకో చిక్కు. విశ్లేషణలో కులాన్నీ ఆస్తినీ చదువునీ ఒకే సమీకరణంలో పెడతారు. ఆస్తిని లెక్కలోకి తీసుకున్నాక కులం ప్రభావం "కనబడలేదు" అని రాస్తారు. కులం పనిచేసేదే ఆస్తి ద్వారా, చదువు ద్వారా, ఇంటి జాగా ద్వారా. ఎవడి చేతిలో కర్ర వుందో అడగకుండా, కర్ర దెబ్బని లెక్కలోకి తీసుకున్నాక మనిషి ప్రభావం ఏమీ లేదన్నట్టుంటుంది ఇది. గణాంకశాస్త్రం తప్పు కాదిది, ఏ ప్రశ్నకి ఏ సమీకరణం వాడాలో నేర్పేవాళ్లది. శిక్షణ అంటే ఇలాంటిచోట్లే తేలాలి.

ఆకలిని కొలిచే ప్రశ్నావళి సంగతీ అంతే. గత నెలరోజుల్లో తిండి చాలదని దిగులు పడ్డారా, ఇష్టంలేనిది తినాల్సి వచ్చిందా, పూట మానేశారా, రోజంతా తినకుండా వున్నారా అంటూ తొమ్మిది ప్రశ్నలు అడుగుతారు. ఈ ప్రశ్నలు మంచివే. వీటిలో లేనిది ఒకటుంది: తిండికోసం ఎవరింటి ముందు నిలబడ్డావు? ఎలా పిలిచి పెట్టారు? అడుక్కున్న బువ్వకీ సంపాదించిన బువ్వకీ స్కోరు ఒకటే. ఆత్మగౌరవం కోసం ఉద్యమం చేసిన కులాలకి ఈ రెండూ ఒకటి కావు.

సర్కారు ఇచ్చే గింజల విషయంలోనూ గౌరవమే అడ్డొస్తుంది. హెచ్.ఐ.వి. వున్న పేద కుటుంబాలని అంత్యోదయ జాబితాలో చేర్చమని కేంద్రం 2009 జూన్‌లో రాష్ట్రాలకి రాసింది. అంటే నెలకి 35 కిలోలు. 2014 నవంబర్‌లో ఆసరా మొదలైనప్పుడు ఎయిడ్స్ వున్నవాళ్లకీ నెలకి 1,000 రూపాయలు పెట్టారు. 2019లో 2,016 చేశారు. ఇవి మంచి పనులు. డబ్బు గుట్టుగా ఖాతాలో పడొచ్చు. కానీ ముసలిది కాదు, మొగుడున్నాడు, చెయ్యీ కాలూ బాగున్నాయి, మరి పింఛనెందుకొస్తోంది అని అడిగే నోళ్లు వూళ్లో వూరుకోవు. వాడకి ముందే అంటు ముద్ర వుంది. దాని మీద ఇంకో అంటు. అందుకే హక్కు వున్నా అడగని ఇళ్లుంటాయి. జబ్బు చూపిస్తేనే గింజ ఇచ్చే పద్ధతికీ, మనిషి కాబట్టి గింజ ఇచ్చే పద్ధతికీ తేడా ఇక్కడ తెలుస్తుంది.

రెండో పద్ధతికి మన దగ్గరే ఒక దారి పడింది. పాత మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో, పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడుతో దళిత ఆడవాళ్ల సంఘాలు 1990ల నడుమ ఒక పని చేశాయి. బీడుపడ్డ చెలకల్ని సాగులోకి తెచ్చుకోవడానికి చిన్నరైతులకి అప్పు ఇచ్చారు. అప్పు తీర్చింది జొన్నలతో. ఆ జొన్నలు వూళ్లోనే నిల్వచేసి, వానాకాలం ఆకలి నెలల్లో బీదలకి తక్కువ ధరకి అమ్మారు. ముప్పైకి పైగా పల్లెల్లో నడిచింది. ఇక్కడ మనం చూడాల్సింది జొన్నల్ని మించిన సంగతి. ఎవరు ఎంత బీదో తేల్చింది ఎవరు? వూరివాళ్లే కూర్చుని తేల్చారు. బీదతనానికి కొలతలు వాళ్లే పెట్టుకున్నారు. అది పరిశోధన కాదా? నమూనా వుంది, కొలబద్ద వుంది, వర్గీకరణ వుంది, ఫలితం మీద అమలు కూడా వుంది. జబ్బు ఏమిటని ఎవరినీ అడగలేదు. హెచ్.ఐ.వి. వున్న మనిషి అందులో పేరు చెప్పకుండానే గింజ తెచ్చుకోగలదు. ఈ ప్రయత్నానికీ హద్దులున్నాయి. కొంచెమైనా చెలక వున్నవాళ్లే అప్పుకి ముందు నిలబడ్డారు, భూమి మొత్తం పంపకం ప్రశ్న దానితో తీరలేదు. కానీ కెన్యా పంపు కంటే మన చెలకకి ఇది దగ్గర.

పరిశోధకుల శిక్షణ అన్నప్పుడు మనకి ఇంకో జ్ఞాపకం కూడా వుండాలి. 2009లో ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా ఒక అధ్యయనంలో భాగంగా వేశారు. చాలామంది ఆదివాసీ పిల్లలు. హాస్టల్ పిల్లల తరఫున అంగీకార పత్రాల మీద వార్డెన్లు సంతకాలు పెట్టారు. గొడవ లేచాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. సంతకం ఎవరిదన్నదే ఇక్కడ మన ప్రశ్న. నైతికత మీద పాఠాలు చదివినవాళ్లున్న చోటే అది జరిగింది. పాఠం చాలదు. వాడ నుంచి, గూడెం నుంచి వచ్చిన మనిషి పరిశోధన బల్ల దగ్గర సంతకం అధికారంతో కూర్చుని వుండాలి.

ఇప్పుడు కూర్చున్నదెక్కడ? చాలా ప్రాజెక్టుల్లో ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడిగేది సోషల్ వర్క్ చదివిన దళిత పిల్లో పిల్లగాడో. నెల జీతం, ప్రాజెక్టు అయిపోతే ఇంటికి. ఆ పిల్లకి తెలిసింది ప్రశ్నావళి గడుల్లో పట్టదు. ఆమె పేరు వ్యాసం చివర కృతజ్ఞతల్లో కూడా వుండకపోవచ్చు. శిక్షణ డబ్బు ఖర్చవ్వాల్సింది ముందు ఆమె మీద.

దళిత ఉద్యమాన్ని కూడా వదిలిపెట్టకూడదు. భూమి మీద, హత్యల మీద, రిజర్వేషన్ మీద, వర్గీకరణ మీద మాట్లాడినంతగా హెచ్.ఐ.వి. మీద మాట్లాడలేదు. ఎందుకో ఊహించొచ్చు. ఇప్పటికే ఒంటిమీద వేసిన మచ్చలకి ఇంకో మచ్చ కలుపుకోవడం ఎవరికి ఇష్టం? ఆ సంకోచం అర్థమవుతుంది కానీ దాని ఖరీదు జబ్బు వున్న ఆడవాళ్లే కడుతున్నారు. సభలో వాళ్ల మాట రాదు, ఎన్.జి.ఓ. మీటింగులో వాళ్ల కులం రాదు.

ఈ ఏడాది ప్రజారోగ్యం, సోషల్ వర్క్, సమాజశాస్త్రం శాఖల్లో సినాప్సిస్ రాసుకుంటున్న విద్యార్థులకి పని లేదనుకోవద్దు. తెలుగు రాష్ట్రాలు రెంటిలోనూ హెచ్.ఐ.వి. ఇప్పటికీ దేశ సగటు కంటే ఎక్కువే. ఏ తిండి ప్రయోగం చదివినా ముందు అర్హతల పేజీ తిప్పి, భూమి లేక బయట నిలబడ్డవాళ్లు ఎందరో వెతకండి. లేకపోతే లేదని రాయండి. మీ సొంత ఫారంలో పట్టా ఎవరి పేర వుంది, కౌలు ఎంత, తూముకి ఎంత దూరం అనే మూడు గడులు కలపండి, గైడు వద్దన్నా సరే. నెల్లూరు దిక్కు వున్నవాళ్లు ఆ ఆరునెలల తిండి దగ్గరినుంచి మొదలుపెట్టొచ్చు. పద్దెనిమిదో నెల కొలతలు ఆ ఆడవాళ్ల బరువు చెబుతాయి. ఏడో నెలలో సాయం ఆగిపోయినప్పుడు ఆ వంటిళ్లలో ముందు ఎవరి కంచం తగ్గిందో, మొగపిల్లాడిదా, ఆడపిల్లదా, ఆమెదేనా, పోయి అడగాలి.